అల్ తుమామాలో మా బావ విసిరిన బంతి

ఈమధ్య అరటిపండ్లకు కూడా స్టిక్కర్లు అతికిస్తున్నారు. అది అరటిపండేనని చెప్పడానికైతే, ఆ సంగతి నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. తీయబోతే సగం గోటికి అంటుకుంటుంది, మిగతా సగం మాయమవుతుంది. హైదరాబాద్ విమానాశ్రయంలో ఒక పండు తిన్నాను. ఆ మిగతా సగం ఎక్కడుందో విమానం గాల్లోకి లేచాక పక్క సీటాయన చెప్పాడు.

“అన్నా, నీ అంగి మీద ప్రీమియం అని రాసున్నది.”

ఆయన పేరు గంగాధర్. నిర్మల్ దగ్గర పల్లె. ఖతర్‌లో పెద్ద పెద్ద కట్టడాల చుట్టూ ఇనప గొట్టాలతో పరంజా కట్టే పని. సెలవు ముగించుకుని తిరిగి డ్యూటీకి వెళ్తున్నాడు. నేను దోహాలో ఉన్న అక్కాబావల దగ్గరికి చుట్టపుచూపుగా వెళ్తున్నానని చెప్పాను.

“మా అమ్మ ఇప్పటికి గుడ నేను దుబాయ్‌ల ఉన్ననే చెప్తది,” అన్నాడు. “ఖతర్ ఇంకో దేశమే అమ్మా అని చెప్పి చెప్పి ఇడిశిపెట్టిన. ఇప్పుడు ఫోన్‌ల నేను గుడ దుబాయే అంటున్న.”

నేను ఫుట్‌బాల్ పిచ్చివాణ్ణని చెప్పాను. అక్కడ అందరూ అంతేనన్నాడాయన. అప్పుడు నా ఫుట్‌బాల్ వేరని వివరించాల్సి వచ్చింది. విమానంలో కూర్చున్న మనిషి లేచి వెళ్ళిపోలేడు కాబట్టి పూర్తిగా వివరించాను. మీకు మాత్రం క్లుప్తంగా చెబుతాను.

అది అమెరికా వాళ్ళు ఆడేది, కోడిగుడ్డు ఆకారపు బంతితో. అందులో క్వార్టర్‌బ్యాక్ అని ఒకడుంటాడు. ప్రతిసారీ బంతి ముందు వాడి చేతికే వస్తుంది. ఎదుటివాళ్ళు మీదికి ఉరికొస్తుంటే, ఒక్క ఊపిరి తీసుకునేంత సేపట్లో, తనవాళ్ళలో ఎవరు ఖాళీగా దొరికారో చూసి విసరాలి. గెలిస్తే పొగడ్తలన్నీ వాడికే, ఓడితే తిట్లన్నీ వాడికే. పెళ్ళిలో వంటమేస్త్రీ లాంటి ఉద్యోగం.

ఈ పిచ్చి నాకు హైదరాబాద్‌లో రాత్రి డ్యూటీలు చేసిన రోజుల్లో అంటుకుంది. అమెరికా బీమా కంపెనీకి వచ్చే ఫోన్లు మేం తీసేవాళ్ళం. అక్కడి చలి ప్రాంతపు పెద్దాయన ఒకాయన, నా కంప్యూటర్ తెరుచుకునేలోపు వాళ్ళ ఊరి జట్టు బాధలు చెప్పేవాడు. మా కంప్యూటర్లు నెమ్మది, వాళ్ళ జట్టు బాధలు ఎక్కువ. తర్వాత ఆయన పాలసీ రద్దయింది గానీ నా అభిమానం రద్దు కాలేదు. జట్టు పేరు చెప్పను. తెలిసినవాళ్ళు జాలిపడతారు.

మా జట్టుకి ఏటా ఆగస్టులో ఒక రక్షకుడొస్తాడు. కుర్రాడు కాలేజీలో ఎలా విసిరాడో వీడియోలొస్తాయి. ఆ వీడియోలు పెళ్ళిచూపులకు పంపే ఫోటో లాంటివి. అబద్ధమేమీ ఉండదు, మిగతాది ఉండదంతే. నవంబరుకల్లా ఆ రక్షకుణ్ణి ఎవరు రక్షించాలన్న చర్చ మొదలవుతుంది.

“గంతగనం ఓడిపోతుంటె ఇంకో టీముకు మారొచ్చు గదా?” అన్నాడు గంగాధర్.

“మారకూడదు.”

“ఎవలన్న సంతకం బెట్టిచ్చుకున్నరా?”

“లేదు.”

ఆయన కాసేపు కిటికీలోంచి మబ్బుల్ని చూశాడు. “నేనైతె కంపెనీ గట్ల జేస్తె రిలీజ్ తీసుకోని ఇంకో కంపెనీల చేరుత,” అని కళ్ళు మూసుకున్నాడు.

మదీనత్ ఖలీఫా

ఎడారి దేశం కదా అని పల్చటి చొక్కాలు సర్దుకున్నాను. జనవరిలో దోహా సాయంత్రాలకు ఆ లెక్క పనికిరాదు. విమానాశ్రయం బయటి గాలికి నేను వణకడం చూసి అక్క తన శాలువా ఇచ్చింది. గులాబీ రంగుది, అంచున పూలు. ఖతర్‌లో నా ఫోటోలు చాలావాటిలో అది కనిపిస్తుంది, కాబట్టి ముందే చెబుతున్నాను.

వాళ్ళుండేది మదీనత్ ఖలీఫాలో. బయటి గేటు చూస్తే జమీందారు బంగళా అనిపిస్తుంది. లోపలికి వెళితే ఒకే విల్లాని గోడలు లేపి కొన్ని కుటుంబాలకు పంచారని తెలుస్తుంది. వంటగదిలో అక్క చారు తిరగమోత పెడితే పక్క వాటాలోని ఈజిప్టు కుటుంబం తుమ్ముతుంది. వాళ్ళు వెల్లుల్లి వేయిస్తే మనకు ఆకలేస్తుంది. ఇన్నేళ్ళలో రెండు ఇళ్ళ మధ్య జరిగిన సంభాషణంతా దాదాపు ఇదేనట.

మా బావ శేఖర్‌కి నలభై దాటాయి. ఒక కాంట్రాక్టు కంపెనీలో క్వాంటిటీ సర్వేయరు. ఏ కట్టడానికి ఎంత సిమెంటు, ఎంత ఇనుము పడుతుందో తేల్చే పని. పైన మేనేజర్లు, ఆ పైన డైరెక్టర్లు. వాళ్ళెవరూ ఈయన తేల్చింది ఒక్కసారికి ఒప్పుకోరు. అలాంటి బావ, సెలవుల్లో మా ఇంటికొచ్చినప్పుడు నా పక్కన కూర్చుని మ్యాచ్‌లు చూసి, దోహా వెళ్ళి ఏకంగా ఆడటం మొదలుపెట్టాడు.

వీళ్ళాడేది ఫ్లాగ్ ఫుట్‌బాల్. మనుషుల్ని పడగొట్టడం ఉండదు. నడుముకి రెండు గుడ్డపేలికలు వేలాడుతుంటాయి. బంతి ఉన్నవాడి పేలిక లాగేస్తే వాడు ఆగిపోవాలి. లాగేలోపు చివరి గీత దాటితే పాయింట్లు. పంచెలు కట్టుకునే దేశంలో పుట్టాల్సిన ఆట కాదు. జట్టుకి అయిదుగురు. బావ వాళ్ళ జట్టు పేరు బెజవాడ ఎక్స్‌ప్రెస్, అందులో క్వార్టర్‌బ్యాక్ మా బావే.

నేను కానుకగా మా అమెరికా జట్టు జెర్సీ తెచ్చాను, వెనక క్వార్టర్‌బ్యాక్ పేరుతో. ఆర్డరిచ్చినప్పుడు ఆ కుర్రాడు మా రక్షకుడు. జెర్సీ చేతికొచ్చేలోపు అతన్ని మా బద్ధశత్రువులకు ఇచ్చేశారు.

“అంటే నేనిప్పుడు శత్రువు పేరు వీపున వేసుకుని తిరగాలా?” అన్నాడు బావ.

“రంగు మనదే కదా బావా. మనుషులొస్తారు, పోతారు. విధేయత జట్టుకి.”

ఇది నేను నమ్మి చెప్పే మాట. అన్నం దగ్గర దాన్ని ఇంకాస్త విస్తరించాను కూడా. క్వార్టర్‌బ్యాక్‌ని ప్రేమించేవాడు అభిమాని కాడు, చుట్టం మాత్రమేనని అన్నాను. బావ ముద్ద కలపడం ఆపాడు.

“అయితే రేపు నన్ను తీసేసినా నువ్వు ఎక్స్‌ప్రెస్ వైపేనన్నమాట.”

నేను పప్పు బాగుందన్నాను.

తర్వాత గిన్నెలు సర్దుతూ అక్క అసలు సంగతి చెప్పింది. కార్తీక్ అని ఒక కుర్రాడు కొత్తగా జట్టులో చేరాడు. ఇక్కడే పుట్టి, ఇక్కడే అమెరికన్ స్కూల్లో చదివి, ఈ ఆట ఆడుతూ పెరిగాడు. వాట్సాప్ గ్రూపు నిండా అతని వీడియోలే. ఈ శుక్రవారం మ్యాచ్ చూసి, సీజనంతా బంతి ఎవరు విసరాలో కెప్టెన్ మూర్తిగారు తేల్చేస్తారు.

“మీ బావ చెప్పినమాట అక్కడ గంటసేపు నలుగురు మనుషులు వింటారురా,” అంది అక్క. “వారమంతా ఆ గంట కోసమే బతుకుతాడు. అదీ పోతే ఇక చెప్పినమాట వినడానికి ఇంట్లో నేనే మిగులుతాను. నీకు ఆట తెలుసని మూర్తిగారికి గొప్పగా చెప్పాడు. ఏదో ఒకటి మంచిమాట చెప్పు.”

అబూ హమూర్

మర్నాడు బావ ఆఫీసుకి సెలవు పెట్టి టోకు కూరగాయల మార్కెట్‌కి తీసుకెళ్ళాడు. అబూ హమూర్‌లో ప్రపంచమంతా పెట్టెల్లో సర్ది ఉంటుంది. జోర్డాన్ దోసకాయలు, ఇరాన్ పుచ్చకాయలు, మన గోంగూర. గోంగూర కట్ట ధర రూపాయల్లోకి మార్చుకున్నాను. ఆ తర్వాత మార్చుకోవడం మానేశాను. అలా మార్చుకుంటూ తిన్నది ఒంటబట్టదు.

ఇక్కడ నన్ను ఆకట్టుకున్నది కూరగాయలకన్నా ఒక చిన్న సంగతి. తోపుడుబండి మీద ఉల్లిగడ్డ బస్తాలు తెస్తున్న మనిషి మా వెనకనుంచి, “జర పక్కకు జరుగుండ్రి సార్,” అన్నాడు. బావ పక్కకి జరిగి, “టమాటర్ కిధర్ మిలేగా భయ్యా?” అని అడిగాడు.

“గా మూలకు పోండ్రి సార్, ఆడ అగ్గువ,” అన్నాడతను.

“షుక్రియా భయ్యా,” అన్నాడు బావ.

చేపల దగ్గరా ఇదే. మంచు గడ్డల మీద హమూర్ చేపని తిరగేస్తున్న కుర్రాడు తన పక్కవాడితో కరీంనగర్ తెలుగు మాట్లాడుతున్నాడు. బావ అతనితో హిందీలో బేరమాడాడు. అతను హిందీలోనే జవాబిచ్చి, పక్కవాడితో, “సారు ఇంటికాడ అడిగి రాలేదురా,” అన్నాడు. అది నాకు వినిపించింది. బావకి మాత్రం చేప కళ్ళు తాజాగా ఉన్నాయో లేదో తప్ప ఏమీ పట్టలేదు.

“బావా, ఇక్కడ సగంమందికి తెలుగొచ్చు కదా. నువ్వు హిందీ ఎందుకు మాట్లాడుతున్నావు?”

“అలవాటురా. బయటంతా హిందీయే. తెలుగు ఇంట్లో, గ్రౌండ్‌లో.”

గ్రౌండ్‌లో ఎందుకో అప్పుడు చెప్పాడు. మామూలు జట్లు ప్రతిసారీ గుంపుగా చేరి, తలలు దగ్గర పెట్టి, ఎవరెటు పరుగెత్తాలో గుసగుసలాడుకుంటాయి. ఎక్స్‌ప్రెస్ వాళ్ళకి మోకాళ్ళ నొప్పులు. గుంపు చేరడానికి నడిచే నడకే దండగ. అందుకని బావ ఎక్కడున్నవాళ్ళకి అక్కడే తెలుగులో గట్టిగా అరిచి చెప్పేస్తాడట. ఫిలిప్పీన్స్ వాళ్ళకి, లెబనాన్ వాళ్ళకి, ఇంగ్లీషు టీచర్లకి అదేం అర్థమవుతుంది? ఈ కిటుకుతోనే కిందటేడు మూడోస్థానం వచ్చిందట.

“కార్తీక్‌కి ఇది చేతకాదు,” అన్నాడు బావ, గోంగూర కట్ట ఊపుతూ. “వాడికి తెలుగు అంతంతమాత్రం. వేళ్ళు చూపిస్తాడు, ఒకటి, రెండు, మూడు అని. అది ఆటా? లిఫ్ట్ నొక్కినట్టుంటుంది.”

“ఎదుటి జట్టులో ఎవరికైనా తెలుగొస్తే?”

“ఈ ఆట ఆడేవాళ్ళకి రాదులేరా.”

మార్కెట్ బయట కారులో కూర్చుని కరక్ టీ తాగాం. యాలకులు వేసి, పాలు చిక్కగా మరిగించిన టీ. ఇక్కడ టీ కోసం ఎవరూ కారు దిగరు. హారన్ కొడితే మనిషే వస్తాడు. మన ఊళ్ళో హారన్ కొడితే మనుషులొచ్చేది వేరే పనికి. టీ తాగుతూ బావ ఫోన్‌లో కార్తీక్ వీడియో చూశాను. నా సిద్ధాంతం మీకు తెలుసు. నిబ్బరంగా చూశాను. బంతి ఎడారి గాలిలో గీత గీసినట్టు వెళ్ళి ఒకడి చేతుల్లో వాలింది.

“బాగా విసురుతున్నాడా?” అన్నాడు బావ.

“వీడియోలో అందరూ బాగానే విసురుతారు,” అన్నాను. ఇంకోసారి చూశాను.

అల్ తుమామా

మ్యాచ్ శుక్రవారం మధ్యాహ్న నమాజు అయ్యాక, అల్ తుమామాలో ఒక అద్దె మైదానంలో. అక్కడ సెలవులు శుక్ర, శనివారాలు. ఆదివారం పొద్దున్నే ఆఫీసుకెళ్ళే మనుషుల్ని చూస్తే నాకు ఎవరో వాళ్ళని మోసం చేశారనిపిస్తుంది.

కెప్టెన్ మూర్తిగారిది హైదరాబాద్. బ్యాంకులో ఆడిటరు. నాతో కరచాలనం చేసి, “మీ అభిప్రాయం మాకు చాలా ముఖ్యమండీ,” అన్నారు. జీవితంలో ఎవరూ నాతో అనని మాట, అందులోనూ నేను గులాబీ శాలువాలో ఉన్నప్పుడు. కార్తీక్ వచ్చి, “హాయ్ అన్నా,” అన్నాడు. పొగరున్న కుర్రాడైతే బాగుండునని ఆశపడ్డాను. లేదు. బావ బూటు లేసు ఊడిందని, “అంకుల్, లేస్ చూసుకోండి,” అన్నాడు. బావ మొహం అంకుల్ దగ్గరే ఆగిపోయింది.

ఎదుటిది ఒక నిర్మాణ కంపెనీ కార్మికులుండే క్యాంప్ జట్టు. పసుపు బనీన్లు. ఇద్దరు కెన్యా వాళ్ళు, ఒక నేపాలీ, ఒక ఫిలిప్పీన్స్ కుర్రాడు, ఇంకో పొట్టి మనిషి, దట్టమైన మీసం. సైట్‌లో వాళ్ళందరికీ ఫోర్‌మన్ అతనేనట. వాళ్ళు అతన్ని లింగా అంటున్నారు. బావ అతన్ని ఒకసారి పైనుంచి కిందికి చూసి, మాతో తెలుగులో, “ఆ బుడంకాయ నా బంతి ఆపుతాడా?” అన్నాడు. ఆ మనిషి నవ్వుతూ దండం పెట్టాడు. బావ కూడా పెట్టాడు.

ఆట మొదలైంది.

“సుబ్బారావూ, నువ్వు ఎడమకి పోయి ఆగు. ప్రసాదూ, నువ్వు ఊరికే పరుగెత్తు, నీకు వెయ్యను.”

సుబ్బారావు ఎడమకి వెళ్ళాడు. ఒక కెన్యా కుర్రాడు అతనికన్నా ముందే అక్కడికి చేరి బంతి కోసం చేతులు చాపి ఉన్నాడు. అందుకున్నాడు.

“అదృష్టం,” అన్నాడు బావ.

ఆ అదృష్టం వాళ్ళని వదల్లేదు. బావ కుడి అంటే పసుపు బనీన్లు కుడికి, దూరం అంటే వెనక్కి. సగం ఆటకే రెండుసార్లు గీత దాటారు. మూర్తిగారు పెదవి కొరుకుతూ కార్తీక్ వైపు చూడటం నేను చూశాను. బావ తన కుడిచేతిని, అది వేరేవాళ్ళదన్నట్టు చూసుకుంటున్నాడు.

అప్పుడే ఆ లింగా నా ముందునుంచి నడుస్తూ తనవాళ్ళకి సైటు హిందీలో చెబుతున్నాడు. “మోటా వాలా రుకేగా, లంబా వాలా భాగేగా.” లావాటివాడు ఆగుతాడు, పొడుగువాడు పరుగెత్తుతాడు అని. లావాటివాడు సుబ్బారావు, పొడుగువాడు ప్రసాద్. పేర్లు తప్ప అది బావ అప్పుడే తెలుగులో అరిచిన మాటే.

విరామంలో బావని పక్కకి తీసుకెళ్ళాను.

“బావా, ఆ మీసాలాయనకి తెలుగొచ్చు.”

“ఎవరు, ఆ…”

“ఆ బుడంకాయే.”

బావ నీళ్ళసీసా మూత తీసి, మళ్ళీ పెట్టాడు. “అంటే ఇందాక నేనన్నది…”

“అదీ విన్నాడు. దండం అందుకే పెట్టాడు.”

బావ తిరిగి పసుపు బనీన్ల వైపు చూశాడు. తర్వాత ఆ మొహంలోకి ఒక వెలుగొచ్చింది. నేను దాన్ని గుర్తుపట్టాను. మా అమెరికా జట్టు ఓడిపోయే ముందు కోచ్‌ల మొహాల్లో చూస్తుంటాను.

మూర్తిగారు ఇంకో రెండు బంతులు బావకే ఇచ్చారు, ఆ తర్వాత కార్తీక్ అన్నారు. బావ మైదానంలోకి వెళ్ళి ఎప్పటికన్నా గట్టిగా అరిచాడు. “సుబ్బారావూ, ఎడమకి.” పసుపు బనీన్లు మొత్తం ఎడమకి ఉరికాయి. బావ కుడివైపు ఖాళీగా ఉన్న రెడ్డికి విసిరాడు. రెడ్డి తీరిగ్గా నడుచుకుంటూ గీత దాటాడు.

లింగా రిఫరీ దగ్గరికి వెళ్ళబోయి, మనసు మార్చుకుని తిన్నగా బావ దగ్గరికే వచ్చాడు.

“గిదేం పద్ధతి సార్? ఎడమకని చెప్పి కుడికేస్తరా? గంత పెద్దమనుషులు, అబద్ధాలాడుతరా?”

“మీరు వినకూడదు కదండీ,” అన్నాడు బావ. దోహాలో ఒక క్యాంప్ మనిషితో బావ తెలుగు మాట్లాడటం నేను మొదటిసారి విన్నాను.

“చెవులు మూసుకోని ఆడాల్నా? జగిత్యాలల పుట్టుడు నా తప్పా?”

రిఫరీ ఐర్లండ్ నుంచి వచ్చిన స్కూలు టీచరు. గొడవేమిటని అందర్నీ అడిగాడు. ఆయనకి అనువదించేందుకు ఎవరూ ముందుకు రాలేదు.

తర్వాతి బంతికి బావ మళ్ళీ అరిచాడు. “ప్రసాదూ, నీకు వెయ్యను.” ఇక్కడొక చిక్కుంది. అబద్ధాలు చెప్పబోతున్నానని బావ తన జట్టుకి చెప్పలేదు. నాలుగేళ్ళుగా ఆ మాట వింటున్న ప్రసాద్ ఎప్పట్లాగే వెనక్కి చూడకుండా పరుగెత్తాడు. బంతి అతని వీపు మధ్యలో తగిలి గాల్లోకి లేచి నేపాలీ కుర్రాడి చేతుల్లో పడింది. ఆ కుర్రాడు ఆగకుండా అటు చివరి గీత దాకా వెళ్ళిపోయాడు.

“నాకా వేశావు?” అన్నాడు ప్రసాద్. ఆ గొంతులో కోపంకన్నా ఆశ్చర్యమే ఎక్కువ.

కార్తీక్ లోపలికి వెళ్ళాడు. వేళ్ళు చూపించాడు, ఒకటి, మూడు, రెండు. మొదటి బంతి వీడియోలో ఉన్నట్టే వెళ్ళింది. సుబ్బారావు రెండు చేతుల్లో పడి జారిపోయింది. వీడియోల్లో సుబ్బారావులు ఉండరని నేను ఎప్పటినుంచో చెబుతున్నదే. నాకు లోపల కొంచెం సంతోషం కలిగింది, దాచను. కానీ తర్వాతిది రెడ్డికి అందింది, ఆ తర్వాతిది ప్రసాద్‌కి. ప్రసాద్ దాన్ని గుండెకి హత్తుకుని గీత దాటాక కూడా కిందపెట్టలేదు. నాలుగేళ్ళలో అతనికి చెప్పి మరీ విసిరిన మొదటి బంతి అదేనట.

అయినా ఎక్స్‌ప్రెస్ ఓడిపోయింది.

మైదానం గేటు దగ్గర

గేటు బయట కరక్ బండి ఉంది. రెండు జట్లూ అక్కడే చేరాయి. లింగన్న (పూర్తి పేరు అప్పుడు తెలిసింది) మా అందరికీ తనే టీ చెప్పాడు. వద్దంటే వినలేదు.

“గెలిచినోడు తాపిచ్చాలె సార్, మా క్యాంప్‌ల గట్లనే.”

మన దగ్గర ఓడినవాడి చేత ఇప్పిస్తారు. ఏది మంచి పద్ధతో టీ అయిపోయేదాకా ఆలోచించాను. రెండూ ఓడినవాడికి బాధే.

లింగన్న బావ పక్కనే నిలబడి, బంతి పట్టుకునేటప్పుడు వేళ్ళు ఎక్కడుంచాలో అడుగుతున్నాడు. బావ చూపిస్తున్నాడు, ఓపిగ్గా, తెలుగులో. ఆఫీసులో ఒక్కరూ ఒక్కసారికి ఒప్పుకోని మనిషి చెబుతుంటే, మీసాలాయన బుద్ధిగా తలాడిస్తున్నాడు. వాళ్ళిద్దర్నీ అలా చూస్తే, బావకి కావాల్సిన గంట ఇదేనేమో, ఇది ఇక్కడ కూడా దొరుకుతుందేమో అనిపించింది. కానీ బావ మాటలు లింగన్నతో, చూపు మూర్తిగారి మీద.

మూర్తిగారు గొంతు సవరించుకున్నారు. పేపరు కప్పు బల్లమీద పెట్టారు.

“పేర్లు ఇవాళే ఇవ్వాలండీ. మీరు బయటివారు, ఈ ఆట ఏళ్ళుగా చూస్తున్నవారు. మొహమాటం లేకుండా చెప్పండి. ఈ సీజనుకి ఎవర్ని పెట్టమంటారు?”

కార్తీక్ వెంటనే, “అంకులే ఆడనివ్వండి సార్, నాకు ఓకే,” అన్నాడు. అంతకన్నా అతను ఏం మాట్లాడకపోయినా బాగుండేది. బావ కప్పులోకి చూస్తూ కూర్చున్నాడు. అందులో టీ ఎప్పుడో అయిపోయింది.

నాకు రెండు జవాబులు సిద్ధంగా ఉన్నాయి. విధేయత జట్టుకేనన్నది ఒకటి. అది నేను పప్పన్నం దగ్గర చెప్పిందే, బావకి కంఠతా వచ్చు. రెండోది అక్క చెప్పమన్న మంచిమాట. ఇవాళ తెలుగు బయటపడింది గానీ ఆయన చెయ్యి బాగానే ఉంది, ఇంకో అవకాశం ఇవ్వాలి అన్నది. రెండింటిలోనూ నిజం లేకపోలేదు. శాలువా సర్దుకుని నోరు తెరిచాను.

“గీ సారునే పెట్టుండ్రి, మార్చకుండ్రి,” అన్నాడు లింగన్న, బావ భుజం మీద చెయ్యేసి. “మల్ల మ్యాచ్ గుడ మేమే గెలువాలె గదా.”